కలిసిన బంగారంలో ఎవరి వాటా ఎంత?

ఏడుగురు తలా కొంత బంగారం తెచ్చారు. వన్నె అంటే బంగారం స్వచ్ఛతకు కొలత, పదహారు వన్నెలైతే మేలిమి. ఒక వన్నెది ఒక భాగం, రెండు వన్నెలది ఒక భాగం, మూడు వన్నెలది ఒక భాగం, నాలుగు వన్నెలది రెండు భాగాలు, అయిదు వన్నెలది నాలుగు భాగాలు, పద్నాలుగు వన్నెలది ఏడు భాగాలు, పదిహేను వన్నెలది ఎనిమిది భాగాలు. అన్నీ ఒకే మూసలో వేసి కరిగించారు. కరిగి ముద్దయిన బంగారం వన్నె ఎంత? దాన్ని మళ్ళీ ఆ ఏడుగురికే పంచితే ఎవరికెంత రావాలి?

రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్ష నృపతుంగుడి కాలంలో, క్రీ.శ. 850 ప్రాంతంలో, జైన గణితవేత్త మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో ఇచ్చిన లెక్క ఇది. సంస్కృతంలో ఉన్న ఆ గ్రంథాన్ని ఎం. రంగాచార్య ఇంగ్లీషు అనువాదంతో 1912లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం అచ్చువేసింది. తొమ్మిది అధ్యాయాల పుస్తకంలో అయిదోది త్రైరాశికం, ఆరోది మిశ్రక వ్యవహారం. వడ్డీలు, వ్యాపారంలో పొత్తులు, బంగారం కలపడం అన్నీ ఆ ఆరో అధ్యాయంలోనే వస్తాయి. మన పిల్లలు పోటీ పరీక్షలకు చదివే నిష్పత్తులు, భాగస్వామ్యం, మిశ్రమాలు అప్పటికే ఒక్కచోట చేరి ఉన్నాయన్నమాట.

లెక్క చేసి చూద్దాం. ఒక్కొక్కరి ఎత్తును, అంటే తూకాన్ని, వారి వన్నెతో గుణించాలి. 1, 2, 3, 8, 20, 98, 120 వస్తాయి. మొత్తం 252. ఎత్తులన్నీ కూడితే 24. భాగిస్తే పదిన్నర. ముద్ద వన్నె పదిన్నర అని తేలింది. మొదటి ప్రశ్న అయిపోయింది.

రెండో ప్రశ్నే నాకు ప్రాణం. పదిహేను వన్నెల బంగారం ఎనిమిది భాగాలు తెచ్చినవాడి పేరున 120 ఉంది. దాన్ని పదిన్నరతో భాగిస్తే 11 3/7 భాగాలు. తెచ్చింది ఎనిమిది, తీసుకుపోయేది పదకొండు పైన. ఒక వన్నె బంగారం ఒక భాగం తెచ్చినవాడికి వచ్చేది 2/21, అంటే పదో వంతుకు కాస్త తక్కువ. త్రాసు మీద చూస్తే ఒకడు లాభపడ్డాడు, ఇంకొకడు మునిగిపోయాడు. నిజానికి ఎవడూ నష్టపోలేదు. ఎవడు తెచ్చిన మేలిమి వాడికే ముట్టింది, ఎత్తు మాత్రం మారింది.

నేను కంసాలి ఇంట పుట్టి లెక్కల మాస్టారినయ్యాను. ఈ రెండో ప్రశ్న మా ఇంటి ప్రశ్న. మిశ్రమాల లెక్క ఒకరినొకరు నమ్మడానికి మనుషులు కనిపెట్టుకున్న లెక్క అని నా గట్టి అభిప్రాయం. కంటికి కనిపించనిదాన్ని ఇద్దరు ఒప్పుకునేలా తేల్చడానికి అది పుట్టింది. ఆ సంగతి పాఠ్యపుస్తకంలోంచి జారిపోయాక, పిల్లలకు లెక్క వస్తోంది గానీ అది దేనికో తెలియడం లేదు.

మాది పిఠాపురం. మా ఊరి పక్కనే నవఖండ్రవాడ అనే పల్లె ఉంది. రాజమహేంద్రవరం నుంచి ఏలిన రాజరాజ నరేంద్రుడు పావులూరి మల్లన వంశానికి అగ్రహారంగా ఇచ్చిన ఊరు అది. నన్నయ మహాభారతాన్ని తెలుగు చేసిన ఆ పదకొండో శతాబ్దంలోనే, మల్లన మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. సారసంగ్రహ గణితమని దానికి పేరు, జనం నోట పావులూరి గణితం. చదరంగం గళ్ళలో ఒకటి, రెండు, నాలుగు అంటూ రెట్టింపు చేసుకుంటూ పోతే 64 గళ్ళకూ అయ్యే 20 అంకెల మొత్తాన్ని ఒక్క పద్యంలో ఇమిడ్చినవాడు ఆయనే. తెలుగులో కావ్యంతోపాటు లెక్క కూడా పుట్టింది. మా ఊరి పిల్లలకు నేను మొదట చెప్పేది ఈ మాటే.

ఇక కొలిమి దగ్గరికి వస్తాను. మా నాన్న పనిచేసే చోట ఒక నల్లటి ఒరగల్లు, చిన్న త్రాసు, గురిగింజల డబ్బా, మూసలు, ఊదుగొట్టం, పట్టకారు, వెలిగారం పొట్లం ఉండేవి. వన్నె తెలిసిన బంగారు ముక్కలు కొన్ని విడిగా దాచుకునేవాడు. ఎవరైనా పాత నగ తెస్తే దాన్ని ఒరగల్లు మీద ఒక గీత గీసేవాడు. పక్కనే తన ముక్కలతో రెండు మూడు గీతలు గీసి, ఏ గీతతో కలుస్తుందో వెలుతురులో చూసేవాడు. ఆ తర్వాతే త్రాసు తీసేవాడు. ముందు వన్నె, తర్వాత ఎత్తు. ఆ వరుస ఎప్పుడూ మారేది కాదు.

ఒక ఇల్లాలు తన గొలుసు మార్పించుకోవడానికి వచ్చి అడిగిన మాట నాకు బాగా గుర్తు. “ఆచారిగారూ, ఇది మీ చేతుల మీద చేసిందే కదా. అప్పటి వన్నె ఇప్పుడు లేదంటారేమిటి?”

“అతుకులు తల్లీ. తెగినప్పుడల్లా టంకం పడింది. ఇటు వచ్చి మీరే చూడండి” అని నాన్న ఒరగల్లు ఆమె వైపు తిప్పాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అతికే టంకం నగ కంటే ముందు కరగాలి, లేకపోతే నగే కరిగిపోతుంది. అందుకని టంకంలో రాగి, వెండి పాలు ఎక్కువ వేస్తారు. దాని వన్నె తక్కువ. పదిహేను వన్నెల గొలుసు 30 గ్రాములుందనుకోండి. ఏళ్ళ తరబడి అతుకుల్లో ఏడు వన్నెల టంకం 2 గ్రాములు చేరింది. 450కి 14 కలిపితే 464, దాన్ని 32తో భాగిస్తే పద్నాలుగున్నర. గొలుసు బరువెక్కింది, వన్నె తగ్గింది, లోపలి మేలిమి ఎక్కడికీ పోలేదు. కంసాలి ఈ లెక్క విప్పి చెప్పగలిగితే ఇంటావిడ అనుమానం తీరుతుంది. చెప్పలేకపోతే అతని నిజాయితీ కూడా అబద్ధంలాగే కనిపిస్తుంది.

ఇదే లెక్కను భాస్కరాచార్యుడు 1150లో లీలావతిలో సువర్ణ గణితమని విడిగా చెప్పాడు. ఆయన కొలతల్లో అయిదు గురిగింజలు ఒక మాష, పదహారు మాషలు ఒక కర్షం. ఇచ్చిన లెక్క ఇలా ఉంటుంది: పదమూడు వన్నెలది పది మాషలు, పన్నెండు వన్నెలది నాలుగు, పదకొండు వన్నెలది రెండు, పది వన్నెలది నాలుగు. శ్లోకంలో అంకెలు చాలావరకు నేరుగా కనిపించవు. విశ్వేదేవులు, ఆదిత్యులు, రుద్రులు, దిక్కులు, వేదాలు, కన్నులు, యుగాలు వాటి బదులు నిలబడతాయి. ఎత్తులను వన్నెలతో గుణించి కూడితే 240, మొత్తం ఎత్తు 20 మాషలు. ముద్ద వన్నె 12.

భాస్కరుడు అక్కడితో ఆగలేదు. ఆ 20 మాషలను పుటం పెట్టి శుద్ధి చేస్తే 16 మాషలు మిగిలింది, ఇప్పుడు వన్నె ఎంత అన్నాడు. 240ని 16తో భాగిస్తే 15. పదహారు వన్నెల మేలిమి అయ్యేదాకా శుద్ధి చేస్తే ఎంత మిగులుతుంది అన్నాడు. 240ని 16 వన్నెలతో భాగిస్తే 15 మాషలు. ఈ మూడు ప్రశ్నల్లో 20 మారింది, 12 మారింది, 240 మారలేదు. నిప్పు మలినాన్ని తినగలదు గానీ మేలిమిని తినలేదు. కొలిమి ముందు కూర్చున్న ప్రతివాడికీ తెలిసిన ఈ నిజం గణితంలో ఒక మారని రాశిగా నిలబడింది. మిశ్రమాల లెక్కలన్నిటికీ మూలం ఇదే. పాలూ నీళ్ళూ కలిపినా, రెండు ధరల బియ్యం కలిపినా, ఉప్పునీళ్ళు మరిగించినా, మొదట వెతకాల్సింది మారనిది ఏదని.

ఆ తర్వాత లీలావతిలో తిరగేసిన ప్రశ్న వస్తుంది. పదహారు వన్నెల ఉండ ఒకటి, పది వన్నెల ఉండ ఒకటి. కలిపితే పన్నెండు వన్నెలైంది. ఏది ఎంత ఎత్తు? కావలసిన పన్నెండులోంచి పదిని తీస్తే రెండు, అది పదహారు వన్నెల దాని పాలు. పదహారులోంచి పన్నెండు తీస్తే నాలుగు, అది పది వన్నెల దాని పాలు. రెండుకు నాలుగు. దీన్ని మనకు ఇష్టమైన సంఖ్యతో హెచ్చవేసుకోవచ్చని కూడా ఆయన చెప్పాడు. అంటే ఒకటికి రెండైనా సరే, అయిదుకు పదైనా సరే. ఎత్తు ఎంతన్నది కొనేవాడి ఇష్టం, నిష్పత్తి మాత్రం బంగారం ఇష్టం. నేటి పోటీ పరీక్షల పుస్తకాల్లో అడ్డంగా రెండు గీతలు గీసి, ఎదురెదురు తేడాలు రాసే అలిగేషన్ పద్ధతి ఇదే. ఐరోపాలోనూ ఇలాంటి లెక్కలు లోహాల కలయిక చుట్టూ పెరిగాయి. ఫిబొనాచి 1202లో రాసిన లైబర్ అబాకీలో పదకొండో అధ్యాయం నాణేలకు లోహాలు కలపడం గురించినదే.

లెక్క ఇంత పదునెక్కడానికి కారణం మోసం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సువర్ణాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు, అక్షశాల అనే పనిచోటు ఉంది, ఒరగల్లు మీద గీతలను పరీక్షించే విధానం ఉంది. గోళ్ళ సందున జేగురు పొడి దాచి గీత మీద రాల్చేవాళ్ళ సంగతి కూడా ఉంది. కన్ను మోసపోతుందని పాలకుడికి తెలుసు. అందుకే కన్ను చూసినదాన్ని త్రాసుతో, త్రాసు చూపినదాన్ని గుణకారంతో సరిచూడాల్సి వచ్చింది. అబద్ధమాడేవాడు గీతను మార్చగలడు, పడికట్టు రాయిని మార్చగలడు. రెండిటినీ ఒకే లబ్ధానికి కుదిరేలా మార్చడం చాలా కష్టం.

అక్బరు కాలానికి వస్తే ఈ కథలో ఒక అన్నదమ్ముల జంట ఉంది. అన్న ఫైజీ, చక్రవర్తి ఆజ్ఞ మీద 1587లో లీలావతిని పారసీలోకి అనువదించాడు. తమ్ముడు అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో టంకశాల పనితీరు రాశాడు. ఇత్తడి సూదుల కొనలకు రకరకాల వన్నెల బంగారం అంటించి, ఒక్కో దాని మీద వన్నె రాసిపెట్టుకునేవారట. కొత్త బంగారంతో ఒక గీత, సూదులతో కొన్ని గీతలు గీసి పోల్చేవారు. మా నాన్న డబ్బాలోని ముక్కలు చేసిన పని అదే. అన్నగారి పుస్తకంలో వన్నె గుణకారం, తమ్ముడి పుస్తకంలో వన్నె గీత. రెండూ ఒకే ఇంట్లో చేరాయి.

ఆ ఐనీ అక్బరీలో మన దక్కను మాట కూడా ఒకటి ఉంది. ఆ పుస్తకం కొలతలో మేలిమికి పన్నెండు వన్నెలు. మన నేల మీద చలామణీ అయిన హొన్నును, అంటే వరహాను, అంతకుముందు పది వన్నెలదని అనుకునేవారు. అక్బరు టంకశాల పరీక్షించి ఎనిమిదిన్నరగా నిర్ణయించింది. అల్లావుద్దీన్ కాలపు దీనారం పన్నెండనుకున్నది పదిన్నరకు దిగింది. రాజు ముద్ర ఉన్నంత మాత్రాన నాణేన్ని నమ్మక, దాన్నీ గీటుపెట్టి చూశారు.

మేలిమికి పదహారు వన్నెలనే కొలత మన తెలుగువాళ్ళ లెక్కకు సరిగ్గా కుదిరింది. మన పాత భిన్నాలు నాలుగో వంతులుగా దిగుతాయి. కాలు అంటే నాలుగో వంతు, వీసం అంటే పదహారో వంతు, ఆ కిందివన్నీ అలాగే. రాతలో ఒక మెట్టుకు నిలువు గీతలు, తర్వాతి మెట్టుకు అడ్డ గీతలు. ఈ గుర్తులను 2008లో యూనికోడ్‌లో చేర్చారు కాబట్టి ఇప్పుడు కంప్యూటర్‌లోనూ రాయవచ్చు. బళ్ళారి కలెక్టరుగా ఉన్న ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడుల గురించి పంపిన నివేదికలో ఈ సంగతి ప్రత్యేకంగా రాశాడు. భిన్నాలు తమ దేశంలోలాగా పదేసి వంతులుగా కాక నాలుగేసి వంతులుగా దిగుతాయని, వాటిని నేర్పడానికి పంతుళ్ళు ఎంతో శ్రమపడతారని గమనించాడు. ఆ బడిలో చదివిన పిల్లవాడికి పన్నెండు వన్నెలంటే ముప్పాతిక మేలిమి అని, పద్నాలుగు వన్నెలంటే రెండు వీసాల తక్కువ మేలిమి అని చెప్పనక్కర్లేదు.

వీధిలో మారకం కూడా ఆ పిల్లవాడికి రోజూ నిష్పత్తులు నేర్పేది. మద్రాసు కంపెనీ నాణేల్లో 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. 1818లో వరహా స్థానంలో వెండి రూపాయి ప్రమాణంగా వచ్చినప్పుడు 100 వరహాలకు 350 రూపాయలని కట్టారు. త్రైరాశికం రానివాడు అంగట్లో అడుగుపెట్టలేడు. రూపాయికి పదహారణాలు కావడంతో ఆ పాత లెక్క ఇంకొన్నాళ్ళు బతికింది. 1957లో నయాపైసలు, ఆ వెనుకే గ్రాములు వచ్చాక పదహారు మన బళ్ళలోంచి వెళ్ళిపోయింది.

దుకాణంలో వన్నె స్థానాన్ని క్యారట్ తీసుకుంది. మేలిమికి 24. ఇందులో వింతేమీ లేదు, ఒకే నిజాన్ని వేరే సంఖ్యతో భాగించడమే. 18 క్యారట్ అంటే పన్నెండు వన్నెలు, లీలావతిలో ముద్దకు వచ్చిన జవాబు. 22 క్యారట్ అంటే పద్నాలుగు వన్నెల మీద మూడింట రెండు వంతులు.

ఈ లెక్క చట్టంగా మారిన రోజులూ వచ్చాయి. చైనా యుద్ధం తర్వాత 1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు తెచ్చి, 14 క్యారట్‌కు మించిన నగలు చేయకూడదన్నారు. అంటే తొమ్మిది వన్నెల పైన మూడో వంతు. 22 క్యారట్ బంగారం 10 గ్రాములను 14కు దించాలంటే దాదాపు 5.7 గ్రాముల రాగి, వెండి కలపాలి. అంత కలిసిన లోహం గట్టిపడుతుంది, సన్నని తీగగా సాగడానికి మొరాయిస్తుంది. మేలిమి బంగారం మెత్తదనానికి అలవాటుపడిన చేతులకు ఆ మార్పు పెద్ద దెబ్బ. దేశమంతటా కంసాలుల కుంపట్లు ఆరాయి. 1968లో చట్టంగా నిలిచిన నియంత్రణ 1990లో రద్దయ్యేనాటికి ఒక తరం పిల్లలు వేరే పనుల్లో స్థిరపడ్డారు. నిష్పత్తిలో ఒక అంకె మారితే ఒక వృత్తి అంతా కదిలిపోతుందని ఆ నిబంధన చూపించింది.

భారతీయ ప్రమాణాల సంస్థ బంగారానికి హాల్‌మార్క్ ముద్ర 2000లో మొదలుపెట్టింది. 2021 జూన్ 16 నుంచి మొదట 256 జిల్లాల్లో తప్పనిసరి చేశారు. నగ మీద కనిపించే 916 అంకె ఎక్కడిదని తరగతిలో అడుగుతాను. 22ను 24తో భాగించి చూపమంటాను. 0.9166 వస్తుంది. తర్వాత అదే అంకెను వన్నెల్లో చెప్పమంటాను. ఆ రెండో మెట్టు ఎక్కినవాళ్ళకు భిన్నం, దశాంశం, నిష్పత్తి మూడు వేర్వేరు పాఠాలని ఇక అనిపించదు. ఈనాడు దుకాణాల్లో ఎక్స్‌రే యంత్రం నగను గీయకుండానే క్యారట్ చెబుతోంది. మంచిదే. ఒరగల్లు చేసే సగం పని అది చేస్తుంది. మిగతా సగం, అంటే ఆ క్యారట్‌ను ఎత్తుతో గుణించి ఎవరికెంత రావాలో తేల్చడం, ఇప్పటికీ మనిషే చేయాలి, మనిషికే అర్థం కావాలి.

బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. అడ్డగీతల కిటుకు వాళ్ళకు వేళ్ళ మీద ఉంటుంది. రెండు మిశ్రమాలిస్తే చకచకా జవాబు చెబుతారు. మూడోది కలిపినా, మధ్యలో కొంత ఆవిరైందన్నా చేయి ఆగిపోతుంది. తప్పు వాళ్ళది కాదు. తేడాలు రాయడం నేర్పాం, ఏది మారదో వెతకడం నేర్పలేదు. నేను కిటుకును పక్కన పెట్టించి మూడు నిలువు గడులు గీయిస్తాను: ఎత్తు, వన్నె, రెంటి లబ్ధం. మూడో గడిని పైనుంచి కిందికి కూడమంటాను. కలిపినా, శుద్ధి చేసినా, పంచినా ఆ గడి ఒక్కటే లెక్క తప్పకుండా నిలుస్తుంది. దాన్ని పట్టుకున్న పిల్లలకు అడ్డగీతలు ఎందుకు పనిచేస్తాయో వాళ్ళంతట వాళ్ళకే తెలుస్తుంది.

తర్వాత ఇంటికి వెళ్ళి చేయాల్సిన లెక్క ఒకటి ఇస్తాను. అమ్మ 12 గ్రాముల పాత 22 క్యారట్ గొలుసు ఇచ్చి, కూలీ, తరుగు సంగతి పక్కన పెడితే, దానికి సరిపడా 18 క్యారట్ నగ తీసుకుంటే ఎన్ని గ్రాములు రావాలి? 264ను 18తో భాగిస్తే 14 గ్రాముల పైన మూడింట రెండు వంతులు. ఈ ఒక్క భాగహారం చేతనైన ఆడపిల్ల దుకాణంలో బిల్లు చేతికిచ్చినప్పుడు తలాడించి ఊరుకోదు, అడుగుతుంది. ఎదుటివాడు నిజాయితీపరుడైతే సంతోషంగా చూపిస్తాడు కూడా. మా నాన్న ఒరగల్లును ఇటు తిప్పి చూపించాడంటే అడిగేవాళ్ళు ఉండబట్టే.

మన పాఠ్యపుస్తకాల్లో మిశ్రమాల అధ్యాయం ముద్ద వన్నె దగ్గర ఆగిపోతోంది. పంపకం ప్రశ్న కూడా అచ్చువేయమని నేను కోరుతున్నాను. పావులూరి మల్లన పేరు, ఆయన ఊరి పేరు ఆ పేజీలో ఉండాలి. మారనిది ఏదో తేల్చుకుని, దాని ప్రకారం పంచుకోవడం మన భాషలో దాదాపు వెయ్యేళ్ళుగా నడిచిన చదువు. అది పరీక్షకు పనికొస్తుంది, అంగడికి పనికొస్తుంది, పొత్తు కలిసిన ఇద్దరు మాట తప్పకుండా విడిపోవడానికీ పనికొస్తుంది.